పాత ట్యాబుకు లీనియేజ్ వేయాలా, కొత్తది కొనాలా: మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

మీ ఇంట్లో ఉన్న శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 (2020లో వచ్చిన 10.4 అంగుళాల వైఫై రకం, ఎస్ఎం-టీ500) ఆండ్రాయిడ్ 12 దగ్గరే ఆగిపోయిందని రాశావు. లీనియేజ్ ఓఎస్ (కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే ఉచిత ఆండ్రాయిడ్) వేసుకోవాలా, కొత్తది కొనాలా అన్నది తేల్చాలంటే ముందు ఒక్కటి చూసుకో తల్లీ: ఆ ట్యాబులో ఫోన్‌పే, బ్యాంకు యాపులు వాడతారా? వాడేటట్టయితే కొత్తదే కొను. లీనియేజ్ వేయాలంటే బూట్‌లోడర్ (పరికరాన్ని లేపే మొదటి ప్రోగ్రామ్) తాళం తెరవాలి, అలా తెరిచిన పరికరాన్ని గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ (పరికరం నమ్మదగిందో కాదో యాపులకు చెప్పే గూగుల్ తనిఖీ) నమ్మదు. ఇవాళ తెరుచుకున్న బ్యాంకు యాపు రేపటి అప్‌డేట్ తర్వాత మొరాయించవచ్చు. దాన్ని దాటించే చిట్కాలు ఉన్నాయి గానీ అవి ఎప్పుడు పనిచేయడం మానేస్తాయో తెలియదు, డబ్బు వ్యవహారంలో వాటిని నమ్ముకోవద్దు. పీడీఎఫ్ పుస్తకాలు, యూట్యూబ్, పిల్లల పాఠాలు, వీడియో కాల్స్ వరకే అయితే పాతదానికి ఇంకా ఆయుష్షుంది. నెట్‌ఫ్లిక్స్ మాత్రం వైడ్‌వైన్ (వీడియోల కాపీ రక్షణ) ఎల్1 స్థాయి పోయి ఎల్3కి దిగుతుంది కాబట్టి 480పీ బొమ్మతోనే సరిపెట్టుకోవాలి.

మీ ట్యాబులో 3 జీబీ ర్యామ్, స్నాప్‌డ్రాగన్ 662 ఉన్నాయి. ఈ పనులకు చాలు. 2 జీబీ ర్యామ్ ఉన్నదైతే నేను వద్దనేవాణ్ణి. ఏ కస్టమ్ రోమ్ (లీనియేజ్ లాంటి బయటి సాఫ్ట్‌వేర్) వేసినా పాత బ్యాటరీ కొత్తదైపోదు, అరిగిపోయిన స్టోరేజ్ వేగం తిరిగి రాదు. వెనక మూత ఉబ్బినట్టుంటే అసలు ఛార్జింగే పెట్టకు, ముందు బ్యాటరీ మార్పించు. భద్రత విషయమూ తెలుసుకో: లీనియేజ్ ఇచ్చే ప్యాచులు ఆండ్రాయిడ్ భాగానికే. మోడెమ్, చిప్ ఫర్మ్‌వేర్ శాంసంగ్ ఎక్కడ ఆపిందో అక్కడే ఉంటాయి.

ఏ ట్యాబుకైనా మొదట చూడాల్సింది లీనియేజ్ అధికారిక జాబితా. ఏ7 వైఫై, సిమ్ రకాలు రెండూ అందులో ఉన్నాయి గానీ వాటి బిల్డులు (తయారుచేసి పెట్టిన లీనియేజ్ ఫైళ్లు) వేరు, ఒకదాని ఫైలు ఇంకోదానికి వేయకు. చివరి బిల్డు తేదీ కూడా చూడు. నెలల తరబడి కొత్త బిల్డు లేకపోతే దాన్ని చూసుకునేవాళ్లు లేనట్టే. జాబితాలో లేని మోడల్‌కు ఎవరో ఎక్కడో పెట్టిన ఫైలు వేయడం కన్నా కొత్తది కొనడమే మేలు. అమెరికా నుంచి పిల్లలు పంపిన కేరియర్ (టెలికాం కంపెనీ అమ్మిన) ట్యాబులకు బూట్‌లోడర్ సాధారణంగా తెరుచుకోదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చినలాంటి బడి ట్యాబుల జోలికి అసలు పోవద్దు.

ఇక పని. ఫోటోలు, ఫైళ్లు అన్నీ కంప్యూటర్‌లోకి తీసుకో, బూట్‌లోడర్ తెరిస్తే లోపలిదంతా చెరిగిపోతుంది. నాక్స్ ఫ్యూజ్ (శాంసంగ్ లోపల పెట్టిన భద్రతా గుర్తు) శాశ్వతంగా కాలిపోతుంది, సెక్యూర్ ఫోల్డర్ ఇక పనిచేయదు, పాత సాఫ్ట్‌వేర్ తిరిగి వేసినా అది బాగవదు. గూగుల్, శాంసంగ్ అకౌంట్లు రెండూ ముందే తీసేయి. ఛార్జింగ్ సగానికి పైగా ఉండాలి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో ఓఈఎం అన్‌లాకింగ్ (బూట్‌లోడర్ తెరవడానికి అనుమతి) ఆన్ చేయి. తర్వాత ట్యాబును ఆఫ్ చేసి, రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి నొక్కి పట్టుకుని కంప్యూటర్‌కు కలిపిన కేబుల్ గుచ్చు. హెచ్చరిక తెర వస్తుంది, అక్కడ వాల్యూమ్ అప్‌ను ఎక్కువసేపు నొక్కితే బూట్‌లోడర్ తెరుచుకుంటుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ట్యాబు తిరిగి లేచాక వైఫైకి కలిపి, డెవలపర్ ఆప్షన్స్ మళ్లీ తెరిచి, ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్‌లోనే ఉందో లేదో చూడు. ఆ వరుస కనిపించకపోయినా, డౌన్‌లోడ్ మోడ్ తెరలో (ఆ హెచ్చరిక తెర దాటితే వచ్చేది) కేజీ స్టేట్ (శాంసంగ్ తాళం స్థితి) ఎదురుగా ప్రీనార్మల్ అని ఉన్నా ఓడిన్ (కంప్యూటర్ నుంచి శాంసంగ్ పరికరాల్లోకి ఫైళ్లు ఎక్కించే ప్రోగ్రామ్) వేసే ఫైలును ట్యాబు తిప్పికొడుతుంది. నెట్‌కు కలిపి ఉంచి తర్వాత చూడాలి తప్ప బలవంతం చేస్తే లాభం లేదు.

విండోస్‌లో శాంసంగ్ యూఎస్‌బీ డ్రైవర్, ఓడిన్ ఉండాలి. లీనియేజ్ రికవరీ (ఆండ్రాయిడ్ లేవకుండానే సాఫ్ట్‌వేర్ వేసుకునే చిన్న వ్యవస్థ) ఫైలును టార్‌గా (.tar మూటగా) కట్టి ఓడిన్‌లోని ఏపీ గడిలో పెట్టు. లోపలి ఫైలు పేరు రికవరీ.ఐఎంజీ అనే ఉండాలి, ఓడిన్ ఆ పేరు చూసే పార్టిషన్ ఎంచుకుంటుంది. మీ మోడల్ పేజీలో వీబీమెటా (లేచేటప్పటి సంతకాల తనిఖీకి చెందిన ఫైలు) కూడా వేయమని ఉంటే అది వదలకు. ఆప్షన్స్‌లో ఆటో రీబూట్ టిక్ తీసేయి. ఇది మరిచిపోతే ట్యాబు పాత సాఫ్ట్‌వేర్‌లోకి లేచి, నువ్వు వేసిన రికవరీని చెరిపేసి తనది పెట్టేసుకుంటుంది. పాస్ అని పచ్చగా రాగానే పవర్, వాల్యూమ్ డౌన్ కలిపి పట్టుకో. తెర నల్లబడిన మరుక్షణం వేలు వాల్యూమ్ అప్ మీదికి మార్చి పవర్‌తో పాటు పట్టుకుని ఉండు. మొదటిసారే కుదరకపోతే కంగారు లేదు, డౌన్‌లోడ్ మోడ్‌లోకి వెళ్లి రికవరీ మళ్లీ వేస్తే సరి.

రికవరీలోకి వచ్చాక ఫ్యాక్టరీ రీసెట్, ఫార్మాట్ డేటా. తర్వాత అప్లై అప్‌డేట్‌లో ఏడీబీ ఎంచుకుని, కంప్యూటర్ నుంచి ఏడీబీ (కంప్యూటర్ నుంచి ట్యాబుకు ఆదేశాలు పంపే సాధనం) సైడ్‌లోడ్‌తో లీనియేజ్ జిప్ పంపు. కంప్యూటర్‌లో 47 శాతం దగ్గర ఆగినట్టు కనిపించడం మామూలే, ట్యాబు తెర మీద ఏముందో చూడు. ప్లే స్టోర్ కావాలంటే మైండ్‌దిగ్యాప్స్‌ను (గ్యాప్స్ అంటే గూగుల్ యాపుల మూట) మొదటిసారి ఆండ్రాయిడ్ లేవకముందే, రికవరీలోనే వేయాలి. సంతకం సరిపోలలేదని అడిగితే యస్ అను. ఒకసారి లేపాక గ్యాప్స్ వేస్తే యాపులు వరసగా క్రాష్ అవుతాయి, మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే. గ్యాప్స్ వెర్షన్ ఆండ్రాయిడ్ వెర్షన్‌తో, ఆర్మ్64 (64-బిట్ ప్రాసెసర్) రకంతో సరిపోవాలి. మొదటిసారి లేవడానికి పది నిమిషాల దాకా పట్టొచ్చు, మధ్యలో ఆపకు.

వెనక్కి వెళ్లాలనిపిస్తే మీ మోడల్‌కే చెందిన ఇండియా ఫర్మ్‌వేర్ (ఐఎన్ఎస్ కోడ్) ఓడిన్‌తో వేయొచ్చు. ఇప్పుడున్న దానికన్నా పాత బూట్‌లోడర్ వెర్షన్ వేయబోతే మాత్రం రెవ్ చెక్ ఫెయిల్ అని ఆగిపోతుంది. అందుకని తాజా ఫర్మ్‌వేర్ ముందే దింపి దగ్గర పెట్టుకో. లీనియేజ్ నడుస్తుండగా బూట్‌లోడర్‌ను మళ్లీ లాక్ చేయకు, ట్యాబు లేవదు.

కొత్తది కొనేటట్టయితే 4 జీబీకి తగ్గకు, 6 ఉంటే మంచిది. ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామంటున్నారో, ఆ లెక్క మోడల్ విడుదలైన రోజు నుంచో నువ్వు కొన్న రోజు నుంచో కనుక్కో. రెండేళ్ల కిందటి మోడల్ తగ్గింపులో దొరికినా ఆ గడువులో రెండేళ్లు అప్పటికే పోయినట్టు.

మొదలుపెట్టే ముందు డౌన్‌లోడ్ మోడ్ తెర ఫోటో ఒకటి తీసి పంపు. కేజీ స్టేట్, ఓఈఎం లాక్ వరుసలు చూసి చెబుతాను.

మీ మామయ్య