గడ్డ తగలకపోయినా ఎంఆర్ఐ ఎందుకంటే

అమ్మగారికి 41 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, బీఆర్‌సీఏ1 జన్యువులో (ఇది చెడితే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు బాగా పెరుగుతుంది) ఆవిడకున్న మార్పే మీకూ ఉందని తేలిందనీ రాశారు. "నాకు 31. చేతికి గడ్డేమీ తగలడం లేదు, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా బాగుంది. ఇంకా ఎంఆర్ఐ ఎందుకు?" అన్నది మీ ప్రశ్న. నాకూ ఆ జన్యువులో మార్పు ఉంది. సరిగ్గా మీ వయసులో నేనూ ఇదే అడిగాను.

మా డాక్టరమ్మ నా మామోగ్రామ్‌ను తెరమీద పెట్టి చూపించారు. మబ్బు పట్టినట్టు అంతా తెల్లగా ఉంది. చిన్న వయసులో రొమ్ములో కొవ్వు తక్కువ, పాలగ్రంథులు ఎక్కువ. అవీ తెల్లగానే పడతాయి, కంతీ తెల్లగానే పడుతుంది. "ఇందులో చిన్న కంతి ఉన్నా నా కంటికి ఆనదమ్మా" అన్నారు. ఎంఆర్ఐకి ముందు నరంలోకి మందు ఎక్కిస్తారు. రక్తం ఎక్కువగా చేరే చోట ఆ మందు వెలుగుతుంది కాబట్టి కంతి బయటపడుతుంది. అందుకే ఈ మార్పు ఉన్నవాళ్లకు 25 ఏళ్ల నుంచి ఏటా ఎంఆర్ఐ, 30 నుంచి దానికి తోడు మామోగ్రామ్ చెబుతారు. నాకు రెండింటికీ మధ్య ఆరు నెలల ఎడం పెట్టారు.

ఎంఆర్ఐ తేదీ దగ్గర మాత్రం జాగ్రత్త పడండి. నెలసరి మొదలైన 7వ రోజు నుంచి 15వ రోజు లోపల తీయించుకోవాలి. మొదటిసారి నన్ను ఎవరూ అడగలేదు, నాకూ తెలియదు. నెలసరికి రెండు రోజుల ముందు వెళ్లాను. హార్మోన్ల వల్ల రెండు వైపులా చుక్కలు చుక్కలుగా వెలిగింది. మళ్లీ రమ్మన్నారు. ఆ మూడు వారాల టెన్షన్‌లో నాకు నిద్ర లేదు. రెండోసారి అన్నీ మాయం.

స్కాన్‌లో బోర్లా పడుకోవాలి, రొమ్ములు కింద రెండు గుంటల్లోకి వస్తాయి. చెవులకు అడ్డం పెట్టినా ఢమఢమ మోత వినిపిస్తూనే ఉంటుంది. కదలకుండా ఉండడమే కష్టం, నొప్పేమీ ఉండదు.

మూడో ఏడు ఎడమ వైపు 8 మిల్లీమీటర్ల చుక్క కనిపించింది. అప్పటికి ఆరు నెలల కిందటి మామోగ్రామ్‌లో ఏమీ లేదు. చేత్తో తడిమి చూసినా మా డాక్టరమ్మకే తగల్లేదు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే (బయాప్సీ) క్యాన్సర్ అని వచ్చింది. చంకలో గ్రంథులకు పాకలేదు. కీమో తప్పలేదు, జుట్టూ పోయింది. కానీ అమ్మకు గడ్డ చేతికి తగిలేసరికే చంకదాకా పాకింది. ఆవిడ పడ్డదాంతో పోలిస్తే నాది చాలా తేలిగ్గా గడిచింది. ఇప్పటికి ఆరేళ్లు.

స్కాన్‌లో ఏదైనా కనిపించిందని పిలిస్తే క్యాన్సరేనని అనుకోకండి. అలా పిలిచిన వాటిలో ఎక్కువ మామూలు గడ్డలే అవుతాయి. అలాగే స్కాన్‌కి ఇంకా టైముంది కదా అని మధ్యలో కనిపించిన మార్పును వదిలేయకండి. చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా ఆ వారమే చూపించుకోండి.

అండాశయాల గురించి మీరు అడగలేదు గానీ డాక్టర్‌ని తప్పకుండా అడగండి. అక్కడి క్యాన్సర్‌ను తొలి దశలో నమ్మకంగా పట్టిచ్చే స్కాన్ లేదు. అందుకే బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్లను, ఇక పిల్లలు చాలనుకుంటే 35–40 మధ్య అండాశయాలు, ట్యూబులు తీయించుకోమంటారు. అన్నదమ్ములుంటే వాళ్లకూ ఈ విషయం చెప్పండి. వాళ్లకూ ఈ మార్పు ఉండే అవకాశం సగానికి సగం, వాళ్లకు ఉంటే వాళ్ల నుంచి ఆడపిల్లలకూ అంతే. మా అన్నయ్య పరీక్ష చేయించుకున్నది నా కీమో మధ్యలో, తన కూతురి కోసమే.