మనిషి, జట్టు, సంస్థ

ప్రశ్న: చెన్నై అంబత్తూరులోని ఒక కర్మాగారంలో సూపర్‌వైజర్లకు శిక్షణ ఇస్తున్నాను. ఉత్పత్తి తగ్గితే చాలు, ఫలానా కార్మికుడు బద్ధకస్తుడని తేల్చేస్తున్నారు. ఈ ధోరణిని ఎలా మార్చాలి?

జవాబు: మనిషిని తప్పుపట్టే ముందు అతని జట్టునూ, సంస్థ నియమాలనూ పరిశీలించడం వారికి అలవాటు చేయండి. 1931-32లో అమెరికాలోని హాథార్న్ కర్మాగారంలో టెలిఫోన్ పరికరాలకు తీగలు అమర్చే విభాగంలోని 14 మందిని పరిశోధకులు గమనించినప్పుడు, పనిని బట్టి కూలి పెరిగే పద్ధతి ఉన్నా, రోజుకు ఇంత చాలునని వారే ఒక హద్దు పెట్టుకొని, దాన్ని దాటినవాడిని జబ్బ మీద గుద్ది మరీ వెనక్కి లాగుతున్నారని తేలింది. ఎక్కువ చేసి చూపిస్తే కూలి రేటు తగ్గిస్తారన్న భయం వారిది. అలాంటి చోట ఒక్కొక్కరినీ పిలిచి మందలిస్తే లాభం ఉండదు. రేటు తగ్గించబోమని యాజమాన్యమే మాట ఇవ్వాలి. ఉపన్యాసాలు తగ్గించి, మీ దగ్గర జరిగిన ఒక సంఘటనకే మనిషి, జట్టు, సంస్థ అనే మూడు స్థాయిల్లో కారణాలు వారిచేత రాయించండి. జట్టు దగ్గరే చాలామంది తడబడతారు కనుక అక్కడ ఎక్కువ సమయం ఇవ్వండి.