పెంపుడు జంతువుల్లో బెదురు ఎక్కడికి పోయింది?
పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

ప్రశ్న: పెంపుడు జంతువులు మనిషిని చూసి బెదరకపోవడం అలవాటు వల్లేనా, లేక వాటి ఒంట్లోనే ఏదైనా మారిందా?

జవాబు: రెండూ ఉన్నాయి. అయితే ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోకూడదు. అడవి నుంచి పట్టి తెచ్చిన ఏనుగు మావటి మాట వింటుంది. అది మచ్చికైన ఏనుగే కానీ పుట్టుక రీత్యా అడవి జంతువే. కుక్క, గొర్రె, కోడి సంగతి వేరు. తక్కువ బెదిరేవే మనిషి చెంత నిలిచి ఈనుతూ, పొదుగుతూ వచ్చాయి కాబట్టి ఆ నెమ్మది వాటి వంశంలోకే దిగింది.

జంతువు బెదిరినప్పుడు ఒంట్లో రెండు దారులు తెరుచుకుంటాయి. మొదటిది నాడుల దారి. క్షణాల్లో మూత్రపిండం మీద ఉండే అడ్రినల్ గ్రంథి లోపలి భాగం అడ్రినలిన్ వదులుతుంది, గుండె వేగం పెరుగుతుంది. రెండోది నెమ్మదైనది. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం, దాని కిందే ఉండే పిట్యూటరీ గ్రంథిని కదిలిస్తుంది. పిట్యూటరీ నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోను రక్తంలో వచ్చి అడ్రినల్ పైపొరను తడుతుంది. నిమిషాల్లో ఆ పొర నుంచి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను విడుదలవుతుంది. పెంపకం ఈ రెండో దారి మీద చేసిన పనికి మంచి సాక్ష్యం రష్యా నక్కలే.

1959లో నొవొసిబిర్స్క్‌లో ద్మిత్రి బెల్యాయెవ్, ల్యుద్మీలా త్రూత్ అనే శాస్త్రవేత్తలు వెండి నక్కలతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. రంగు, బొచ్చు, సైజు దేన్నీ లెక్కలోకి తీసుకోలేదు. చేయి చాపితే నక్క ఏం చేస్తుందన్నది ఒక్కటే కొలత. సాధారణంగా మగవాటిలో నూటికి నాలుగైదింటిని, ఆడవాటిలో ఇరవైదాకా మాత్రమే జత కట్టనిచ్చారు. 12 తరాలు గడిచేసరికి వీటి రక్తంలో మామూలు వేళ ఉండే కార్టికోస్టిరాయిడ్ల (కార్టిసాల్ కోవ హార్మోన్ల) మోతాదు, ఎంపిక చేయని నక్కల మోతాదులో సగానికి కాస్త పైన నిలిచింది. 28–30 తరాలకు అది మళ్లీ సగమైంది.

ఆ నక్కల్లో వచ్చిన తోక వంపు, చెవుల వాలు, ఒంటి మీది తెల్ల మచ్చల గురించే అందరూ చెప్పుకుంటారు. మా దృష్టిలో అంతకన్నా విలువైన విషయం కాలానికి సంబంధించింది. మామూలు ఫారం నక్కపిల్లకు దాదాపు ఆరు వారాలకు కొత్తవాటి పట్ల భయం మొదలవుతుంది. ఎంపిక చేసిన వంశంలో అది తొమ్మిది వారాలకో, ఆ తర్వాతో కానీ రాదు. లోకాన్ని బెదురు లేకుండా వాసన చూసి తెలుసుకునే గడువు అంతమేర పెరిగింది. మనిషి పరిచయం ఆ గడువులోనే కుదురుతుంది. అంటే అలవాటుకు కావలసిన చోటును వంశమే ఇచ్చింది.

ఒక్క జాగ్రత్త. ఆ నక్కల పూర్వీకులు నేరుగా అడవి నుంచి రాలేదు, కెనడా బొచ్చు ఫారాల నుంచి వచ్చినవి. కాబట్టి ఈ ప్రయోగాన్ని ‘అడవి నక్క కుక్కలా మారిన కథ’గా చెప్పడం సరికాదు. అయితే పోల్చి చూసిన నక్కలు కూడా ఫారం నక్కలే కనుక కార్టిసాల్ తేడాకు వచ్చిన లోటేమీ లేదు.

ప్రశ్న: అయితే పెంపుడు జంతువుకు ఒత్తిడి తక్కువ అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. తగ్గింది స్పందన చురుకు. బాధపడే శక్తి ఎక్కడికీ పోలేదు. గినీ పందినీ (ఇది ఎలుకల కోవకు చెందిన చిన్న పెంపుడు జంతువు), దాని అడవి బంధువునూ కొత్త చోట విడిగా ఉంచితే గినీ పందిలో కార్టిసాల్ తక్కువగా పెరుగుతుంది. తక్కువగానైనా పెరుగుతుంది! పైగా అది అరవకుండా, కదలకుండా ముడుచుకు కూర్చోవచ్చు. చూసేవారు ‘ఎంత బుద్ధిగా ఉందో’ అనుకుంటారు. జోడుగా అలవాటైన ఆడది పక్కనుంటే మగ గినీ పందిలో ఆ పెరుగుదల బాగా తగ్గిపోతుంది. మంద జంతువును ఒంటరిగా ఉంచడం ఎంత భారమో దీన్నిబట్టి తెలుస్తుంది. గొర్రె కూడా అంతే, మనిషి ముట్టుకోవడం కన్నా మందనుంచి విడదీయడం దానికి పెద్ద దెబ్బ.

ప్రశ్న: అడవి కోడి జాతినీ, గుడ్ల కోడి జాతినీ పోల్చి ఒత్తిడి హార్మోను కొలవాలనుకుంటున్నాను. రక్తం ఎలా తీయాలి? ఒకసారి చేస్తే అన్నిటికీ దాదాపు ఒకే అంకె వచ్చింది.

జవాబు: మొదట హార్మోను కొలిచే కిట్ చూడండి. పక్షుల్లో ముఖ్యమైన ఒత్తిడి హార్మోను కార్టికోస్టిరాన్, కార్టిసాల్ కాదు. ఎలుకలోనూ అంతే. కార్టిసాల్ కిట్‌తో కోడి రక్తాన్ని కొలిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

రెండోది గడియారం. పట్టుకున్న 3 నిమిషాల్లోపు తీసిన రక్తమే బెదరకముందు స్థితిని చూపుతుంది. గూడు తలుపు మీద చేయి పడినప్పుడే లెక్క మొదలవుతుంది, సూది గుచ్చినప్పుడు కాదు. ఒక గూట్లో ఐదు కోళ్లుండి వాటిని వరసగా పడితే, ఐదోది మీ చేతికి వచ్చేసరికే దాని హార్మోను పెరిగి ఉంటుంది. మీకు అన్నీ ఒకేలా రావడానికి ఇదే కారణం కావచ్చు. ఒక గూటి నుంచి ఒక రోజు ఒక కోడినే తీయండి, లేదా ఇద్దరు ముగ్గురు ఒకేసారి పట్టండి.

రెక్క లోపలి సిర నుంచి అర మిల్లీలీటరు చాలు. మొత్తం తీసేది శరీర బరువులో నూటికి ఒక వంతు దాటకూడదు. మొదటి నమూనా కాగానే కోడిని గాలి ఆడే గుడ్డ సంచిలో ఉంచి, 30 నిమిషాలకు ఒకటి, 60 నిమిషాలకు ఇంకొకటి తీయండి. అసలు కథ ఆ మూడు అంకెలతో గీసిన హార్మోను గీత ఎంత ఎత్తుకు లేచి ఎంత త్వరగా దిగుతుందన్న దాంట్లో ఉంటుంది. మొదటి అంకె ఒక్కటే చూస్తే జాతుల తేడా దాగిపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ మందు ఉన్న గొట్టాన్ని ఐసులో పెట్టి, గంటలోపు ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) విడదీసి, మైనస్ 20 డిగ్రీల్లో దాచండి. నెలల తరబడి ఉంచాలంటే మైనస్ 80 కావాలి.

రోజూ ఒకే వేళలో తీయండి, ఈ హార్మోను పొద్దునొకలా సాయంత్రమొకలా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, రెండు జాతుల గుడ్లనూ ఒకేచోట పొదిగించి ఒకేలా పెంచాలి. వేర్వేరు చోట్ల పెరిగిన కోళ్లను పోలిస్తే మీరు కొలిచింది జాతినో, పెంపకాన్నో ఎవరూ చెప్పలేరు. దీన్ని దాటవేసిన పరిశోధన మీద మాకు నమ్మకం లేదు.

ప్రశ్న: పాలు పితికే మనిషి మారాడు. ఆవు చేపడం (పాలు దించడం) లేదు. మొండితనమా?

జవాబు: మొండితనం కాదు. పొదుగును తాకినప్పుడు మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను వచ్చి పాల సంచులను నొక్కితేనే చేపు వస్తుంది. బెదురు మెదడులోనే ఆ విడుదలను ఆపేస్తుంది. ఆవు పొదుగులో చేపకుండా అందేది దాదాపు ఐదో వంతు పాలే, గేదెలో ఇంకా చాలా తక్కువ. మిగిలిన పాలు లోపలే ఉండిపోతే పాల ఊట తగ్గుతుంది, పొదుగు వాపు కూడా రావచ్చు.

కొన్ని రోజులు పాత మనిషి పితుకుతుండగా కొత్త మనిషి మేత వేస్తూ పక్కన నిలబడాలి. వెనక నుంచి రాకూడదు, ముందు పలకరించి తర్వాత తాకాలి. పొదుగు కడిగి, తుడిచి, మొదటి ధారలు తీసిన నిమిషానికి పితకడం మొదలుపెట్టి, ఐదారు నిమిషాల్లో ముగించాలి. ఆక్సిటోసిన్ ప్రభావం అంతకన్నా ఎక్కువసేపు నిలవదు. గేదెకు చేపు ఆలస్యంగా వస్తుంది, తొందరపెట్టకండి. అరిచారో, కొట్టారో అయితే ఆవు కుదుటపడటానికి 20–30 నిమిషాలు పడుతుంది. రోజూ ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే సహజమైన చేపు మందగిస్తుంది, ఆ దారి పట్టకండి.

ప్రశ్న: గాయపడిన జింకను తెచ్చి నిమిరి, నీళ్లు తాగించాం. పైకి కుదుటపడినట్టే ఉంది. గాయం చిన్నదే, అయినా రెండో రోజు చనిపోయింది. ఎందుకు?

జవాబు: చూడకుండా కచ్చితంగా చెప్పలేం కానీ, మీరు రాసిన తీరు పట్టుబడిన అడవి జంతువులకు వచ్చే కండరాల జబ్బుకు సరిపోతుంది. పారిపోవడానికీ, పెనుగులాడడానికీ కండరాలు శక్తికి మించి పనిచేస్తాయి. ఆక్సిజన్ చాలక లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, కండర కణాలు పగులుతాయి. వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ మూత్రపిండాలను, పొటాషియం గుండెను దెబ్బతీస్తాయి. కాళ్లు బిగుసుకోవడం, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారడం దీని గుర్తులు. గంటల్లో కానీ, రోజుల తర్వాత కానీ ప్రాణం పోతుంది.

గొర్రెను నిమిరితే నెమ్మదించవచ్చు. జింకకు మీ చేయి వేటజంతువు పట్టే. అది కదలకుండా ఉందంటే శాంతించిందని కాదు. ఇంకెప్పుడైనా ఇలా జరిగితే వెంబడించకండి. పట్టక తప్పకపోతే, ఊపిరికి అడ్డం రాకుండా కళ్లకు గుడ్డ కప్పండి. పక్కకు పడుకోబెట్టకుండా రొమ్ము మీద కూర్చున్నట్టు ఉంచండి, లేకపోతే పొట్ట ఉబ్బుతుంది. చీకటిగా, చల్లగా, గాలి ఆడే చోట వదిలి తలుపు మూసేయండి. మాటలు, ఫొటోలు, నిమరడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు. వెంటనే అటవీ సిబ్బందికీ, పశువైద్యుడికీ కబురు పెట్టండి.