చలికాలం ముందు పాత ఇంటికి హీటర్ కొనాలా, ఇంకేదైనా చేయాలా?

పాత ఇంట్లోకి మారాం, ఇదే మొదటి చలికాలం, రాత్రిళ్లు సున్నా డిగ్రీల కిందికి పోతుందంటున్నారు, ఇంకో రెండు హీటర్లు కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. ముందు గాలి దూరే సందులు మూసి, నీళ్ల పైపుల సంగతి చూడండి. అవి రెండూ అయ్యాక కూడా చలి ఆగకపోతే హీటర్ గురించి ఆలోచించవచ్చు. మాదీ పాత ఇల్లే.

సందులు పట్టుకోవడానికి ఈదురుగాలి వీచే రోజు మంచిది. ఫ్యాన్లు ఆపి, కర్టెన్లు పక్కకు కట్టేసి, వెలిగించిన అగరుబత్తిని తలుపులు, కిటికీల అంచుల వెంట మెల్లగా తిప్పండి. పొగ పక్కకు వంగిందంటే అక్కడ సందు ఉన్నట్టే. మేమంతా కిటికీలనే అనుమానించాం. తీరా చూస్తే సింకు కింద పైపు గోడలోకి వెళ్లే చోట, అటక మూత చుట్టూ ఎక్కువ గాలి ఆడుతోంది. వేడి గాలి తేలిక కదా, పై సందుల్లోంచి బయటికి పోతుంది. ఎంత పోతే అంత చల్లగాలి కింది సందుల్లోంచి లోపలికి వస్తుంది. అందుకే అటక మూతకు రబ్బరు పట్టీ అంటించాక కింద హాల్లో కాళ్లు జివ్వుమనడం తగ్గింది! పైన వేసిన పట్టీకి కింద తేడా వస్తుందంటే మా ఇంట్లో మొదట ఎవరూ నమ్మలేదు.

కదలని చోట సీలెంట్ (సందుల్లో నింపితే ఆరి గట్టిపడే జిగురు లాంటిది), తెరిచి మూసే చోట రబ్బరు పట్టీ వాడండి. సీలెంట్ మరీ చలిలో సరిగ్గా ఆరదు కాబట్టి ఆ పని ముందే ముగించాలి. ఇంటిని వేడి చేసే గ్యాస్ బాయిలర్ లాంటి వాటి కోసం పెట్టిన గాలి రంధ్రాలను మాత్రం పొరపాటున కూడా మూయకండి.

ఇక పైపులు. నీళ్లు గడ్డకడితే పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. మంచుగడ్డకూ మూసి ఉన్న కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటి ఒత్తిడికి పైపు పగులుతుంది. చిక్కేమిటంటే, గడ్డ కరిగి నీళ్లు మళ్లీ పారేదాకా చాలాసార్లు ఆ పగులు బయటపడదు. కాబట్టి తోట కుళాయికున్న గొట్టం ఊడదీసి, లోపలి వాల్వ్ కట్టేసి, బయటి కుళాయి తెరిచి నీళ్లన్నీ పోనివ్వండి. వేడి తగలని చోట్ల ఉన్న పైపులకు ఫోమ్ తొడుగులు వేయండి. మరీ గడ్డు రాత్రుల్లో సింకు కింది అల్మారా తలుపులు తెరిచి ఉంచి, కుళాయిని సన్నటి ధారగా వదిలితే చాలావరకు గండం గడుస్తుంది. ఊరెళ్లినా హీటింగ్ పూర్తిగా ఆపొద్దు, కనీసం 13 డిగ్రీల దగ్గర ఉంచండి.

అన్నిటికంటే ముందు, ఇంటికి వచ్చే నీళ్లన్నీ ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వెతికి, తిప్పి చూడండి. ఏళ్ల తరబడి కదపనిది బిగుసుకుపోయి ఉండొచ్చు. ఇంట్లో అందరికీ అది చూపించండి. పైపు గడ్డకడితే కుళాయి తెరిచి ఉంచి, కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వేడి చేయాలి. మంట జోలికి పోవద్దు.

హీటింగ్ సర్వీసు, ఫిల్టర్ మార్చడం, వాననీటి గొట్టాల్లో ఆకులు తీయడం ఎలాగూ చేస్తారు, వాటి గురించి ఎక్కువ చెప్పను. కానీ గ్యాస్, బొగ్గు లాంటివి సరిగ్గా మండనప్పుడు వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం లేకపోతే హీటర్ కోసం దాచిన డబ్బుతో ముందు అది కొనండి. ఆ వాయువుకు వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కరెంటు పోయిందని బొగ్గుల కుంపటి, జనరేటర్ ఇంట్లో పెట్టడం అసలే వద్దు. మంచు కురిశాక బాయిలర్ పొగగొట్టం మూసుకుపోయిందేమో కూడా బయటికెళ్లి చూడాలి.

సందులు మూశాక కిటికీ అద్దాలపై చెమ్మ పట్టడం మొదలైతే కంగారు పడకండి. లోపలి తేమకు దారి తగ్గిందన్నమాట. వంటప్పుడు, స్నానాలప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, తడి బట్టలు గదుల్లో ఆరేయకండి. అయినా తగ్గకపోతే పొద్దున కాసేపు కిటికీలు బార్లా తెరిచి మూసేయండి. గోడలు అంతలో చల్లబడవు, కాబట్టి గది మళ్లీ త్వరగానే వేడెక్కుతుంది.