పాప ఏడేళ్లుగా ఇంగ్లండ్‌లోనే ఉంది, మమ్మల్ని పంపించేస్తారా?

ప్రశ్న: పెద్దపాపకు రెండేళ్లప్పుడు మావారి స్టూడెంట్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చాం. ఇప్పుడు దానికి తొమ్మిది నిండాయి. బాబు ఇక్కడే పుట్టాడు, వాడికి ఐదేళ్లు. వీసా అయిపోయి మూడేళ్లయింది. దేశం విడిచి వెళ్లాలని హోమ్ ఆఫీస్ (వీసాలు చూసే బ్రిటన్ ప్రభుత్వ శాఖ) నోటీసు వచ్చింది. ఊళ్లో ప్రాణభయం ఉందని అసైలం (శరణు కోరే దరఖాస్తు) వేస్తే ఆగిపోతుందని తెలిసినాయన ఒకరు అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ అసైలం మాట పక్కన పెట్టండి. మీకు ప్రాణభయం ఉన్నట్టు మీరెక్కడా రాయలేదు. లేని భయాన్ని కల్పించి అనుమతి అడగడం 1971 ఇమిగ్రేషన్ చట్టం కింద నేరం. పైగా ఒక అబద్ధం దొరికితే ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్నీ నమ్మరు. మీకు ఉపయోగపడే నిజం ఒకటి ఉంది, దాన్ని పాడు చేసుకోవద్దు.

అది మీ పెద్దపాప. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు బ్రిటన్‌లో వరుసగా ఏడేళ్లు ఉంటే, వాళ్లను దేశం వదిలి వెళ్లమనడం సబబేనా అని అధికారులు చూసి తీరాలి. సబబు కాదని తేలితే పాపకు, పాపను పెంచుతున్న మీకు కూడా ఉండే అనుమతి దొరకవచ్చు. పెద్దలు వీసా దాటి ఉన్నారన్న తప్పును పిల్లల మీద మోపకూడదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అలాగని ఏడేళ్లు నిండగానే పని అయిపోయినట్టు కాదు. తల్లిదండ్రులకు ఉండే హక్కు లేనప్పుడు పిల్లలు వాళ్లతో వెళ్లడం సహజమే కదా అన్న కోణాన్నీ చూడాలని అదే కోర్టు 2018లో అంది. హోమ్ ఆఫీస్ లాయరు మీ మీద వాడేది ఈ మాటే.

అందుకే ఆధారాలు ముఖ్యం. ఏడేళ్లూ అక్కడే ఉన్నట్టు డాక్టరు రికార్డులు, నర్సరీ నుంచి స్కూలు హాజరు పత్రాలు తెప్పించండి. పాప తెలుగు చదవగలదా, రాయగలదా? చదువు మధ్యలో ఆపితే ఏమవుతుంది? టీచరు చేత ఉత్తరం రాయించండి. "తెలివైన పిల్ల" అన్న పొగడ్త కాదు, పాప గురించి నిర్దిష్టమైన విషయాలు అందులో ఉండాలి. ఇండియాకు వెళ్లి వచ్చిన సెలవులుంటే దాచకండి.

బాబు విషయం వేరు. అక్కడ పుట్టి, మొదటి పదేళ్లూ అక్కడే పెరిగిన పిల్లలు బ్రిటిష్ పౌరులుగా నమోదు చేయించుకోవచ్చు. వాడికి ఇంకా ఐదేళ్లుంది కాబట్టి ఇప్పుడు దాని మీద ఆధారపడలేం.

నోటీసు చూసి డిపోర్టేషన్ అని బెంగపడకండి. అది ప్రధానంగా నేరం చేసి శిక్ష పడిన విదేశీయుల కోసం. మీది వీసా దాటినవాళ్లను పంపే రిమూవల్. అయినా గడువు మాత్రం గడువే. ఉండనివ్వడానికి కారణాలు చెప్పమని నోటీసులో అడిగి ఉంటే, ఉన్నవన్నీ ఒకేసారి రాయండి. ఉండే అనుమతి కోసం పెట్టే దరఖాస్తుకు ఫీజు కట్టే స్థోమత లేకపోతే మాఫీ అడగవచ్చు. దరఖాస్తు తేలేదాకా ఎవరూ దేశం దాటవద్దు, దాటితే దాన్ని వెనక్కి తీసుకున్నట్టే లెక్క. తిరస్కరిస్తే సాధారణంగా 14 రోజుల్లో ఇమిగ్రేషన్ కేసులు వినే ట్రిబ్యునల్‌కు అపీల్ చేయాలి.

ఆ తెలిసినాయన సొలిసిటరో (అక్కడి లాయరు), రిజిస్టర్ అయిన ఇమిగ్రేషన్ సలహాదారో కాకపోతే ఇలాంటి సలహా ఇచ్చే అధికారమే ఆయనకు లేదు. పైసా ఇవ్వకండి. నోటీసు, పాప పాస్‌పోర్టు, స్కూలు కాగితాలు పట్టుకుని ఈ వారంలోనే ఇమిగ్రేషన్ సొలిసిటర్‌ను కలవండి.