ఆకుపచ్చ రంగు చూసి డబ్బులు కట్టెయ్యకు

చిన్నా,

నువ్వు డాలస్‌లో మాజ్దా మియాటా కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడే అనుకున్నాను, త్వరలోనే నాకు ప్రశ్నలు మొదలవుతాయని. మీ అమ్మేమో "రెండు సీట్ల కారేమిట్రా, రేపు మేమొస్తే ఎక్కడ కూర్చోవాలి" అని నన్ను నిలదీసింది. దానికి జవాబు నా దగ్గర లేదు. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) గురించి మాత్రం ఉంది, అదే రాస్తున్నాను.

నీ మెసేజ్‌లో రెండు ఫిర్యాదులున్నాయి. ఆటోక్రాస్‌లో (ఖాళీ స్థలంలో కోన్లు పెట్టి, ఒక్కొక్కరూ గడియారంతో పోటీగా నడిపేది) కోన్ల మధ్య స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు వినకుండా నేరుగా తోసుకుపోతున్నాయి. హైవే మీద బండి కుడికి లాగుతోంది. రెంటికీ మందు అలైన్‌మెంటే అనుకుంటున్నావు. మొదటిదానికి చాలా వరకు నిజం. రెండోది ముందు తేల్చుకోవాలి. అమెరికా రోడ్లు నీళ్ళు పారడానికి కుడి అంచు వైపు కాస్త వాలుగా ఉంటాయి, అందుకని ఏ బండైనా కొంచెం కుడికే పోతుంది. మన హైదరాబాద్‌లో ఎడమకి పోయినట్టే. ఎడమ లేన్‌లో, ఆ తర్వాత ఖాళీగా ఉన్న సమతలమైన చోట నడిపి చూడు. అక్కడా లాగితే ముందు టైర్లు రెంటినీ అటుది ఇటు, ఇటుది అటు మార్చు (టైరు పక్కన తిరిగే దిశ బాణం లేకపోతేనే). లాగుడు ఎడమకి మారిందంటే తప్పు టైరుది. మారకపోతే అప్పుడు అలైన్‌మెంట్‌ని అనుమానించు. గంటకి అరవై మైళ్ళ వేగం దాటాక స్టీరింగ్ వణుకుతోందంటే అది బ్యాలెన్సింగ్ సంగతి, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా సర్దడం. మన దగ్గర "అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్" అని ఒకే ఊపిరిలో అనేస్తాం కాబట్టి రెండూ ఒకటే పని అనుకుంటారు చాలామంది.

ఇంకో తేడా కూడా చెప్పాలి. ఊళ్ళో మీ నాన్న స్విఫ్ట్‌కి అలైన్‌మెంట్ అంటే ముందు టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) సరిచేయడమే. ఆ బండిలో మామూలుగా మార్చడానికి ఉన్నది అదొక్కటే. నీ బండి అలా కాదు. ముందు లోయర్ ఆర్మ్‌కి (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చెయ్యి) ఒక్కో పక్క రెండేసి క్యామ్ బోల్టులుంటాయి. వాటిని తిప్పితే ఆర్మ్ లోపలికీ బయటికీ జరుగుతుంది, దాంతో క్యాంబర్, క్యాస్టర్ (చక్రం వాలు కోణాలు, కింద చెప్తాను) రెండూ మారతాయి. టో సంగతి టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) చూసుకుంటుంది. వెనక కూడా క్యాంబర్, టో విడివిడిగా మార్చుకోవచ్చు. మాజ్దా వాళ్ళు ఇంత వెసులుబాటు ఇచ్చి పంపిన బండిని మామూలు షాపులో టో ఒక్కటి సర్ది పంపించేస్తారు. ఆ టోకి కూడా నువ్వు పూర్తి డబ్బులే కడతావు.

ఏది ఏం చేస్తుందో క్లుప్తంగా చెప్తాను. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటి వైపు టైరు పైభాగం బయటికి వాలిపోతుంది. అప్పుడు టైరు బయటి అంచు మీదే భారమంతా పడి పట్టు తగ్గుతుంది. ముందుగానే పైభాగాన్ని కొంచెం లోపలికి వంచి పెడితే, ఒరిగినప్పుడు టైరు రోడ్డు మీద చదునుగా కూర్చుంటుంది. ఇదే నెగటివ్ క్యాంబర్. రోడ్డు మీద నడిపే బండ్లకి కంపెనీలు ముందు చక్రాలకి దీన్ని తక్కువగానే ఇస్తాయి. కొత్తవాడు వేగంగా మలుపులోకి వెళ్తే వెనక భాగం తిరిగిపోవడం కంటే ముందు భాగం నేరుగా పోవడం మేలని వాళ్ళ లెక్క. నిన్ను విసిగిస్తున్నది అదే లెక్క.

క్యాస్టర్ అంటే పక్కనుంచి చూస్తే చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత వెనక్కి వాలిన కోణం. ఇది స్టీరింగ్‌కి బరువునీ, తిప్పి వదిలితే మధ్యకి వచ్చే గుణాన్నీ ఇస్తుంది. టో అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు, నడిచేటప్పుడు కాలి బొటనవేళ్ళలా, లోపలికి తిరిగి ఉన్నాయా బయటికా అన్నది. టైర్లు తినేసేది ముఖ్యంగా ఇదే. జనం క్యాంబర్‌ని తిడతారు గానీ, లోపలి అంచు రెండు నెలల్లో అరిగిందంటే నేను ముందు టో చూస్తాను. ఒక చక్రం 0.1 డిగ్రీ పక్కకి తిరిగి ఉంటే నీ టైరు కొలతకి ముందు అంచుకీ వెనక అంచుకీ తేడా ఒక మిల్లీమీటరే. కానీ లెక్క కడితే ఆ చక్రం నడిచే ప్రతి కిలోమీటరుకీ సుమారు 1.75 మీటర్ల పక్క ఈడ్పు. అది 0.1 డిగ్రీకే. 0.4 ఉంటే ఎంతో నువ్వే వేసుకో.

షాపుకి వెళ్ళే ముందు బండిని సిద్ధం చెయ్యి. అరిగిన బుష్‌ల (ఆర్మ్ కీళ్ళలో ఉండే రబ్బరు తొడుగులు) మీద అలైన్‌మెంట్ చేయిస్తే షాపు గేటు దాటేలోపు అంకెలు మారిపోతాయి. జాకీ మీద ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడితే బాల్ జాయింటో బేరింగో. పక్కల పట్టుకుని ఊపితే ఆడేది టై రాడ్. టైరు గాలి చల్లగా ఉన్నప్పుడు డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత, నీ బండికి 29 పీఎస్ఐ, నాలుగింటికీ సరిగ్గా పెట్టు. డిక్కీలో ఉన్న చెత్తంతా తీసెయ్యి, సగం ట్యాంకు పెట్రోలు ఉంచు.

నీ బండి ఒహాయో నుంచి వచ్చింది కాబట్టి నాకున్న అసలు టెన్షన్ వేరే. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. క్యామ్ బోల్టు, బుష్ లోపలుండే ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. నట్టు వదులవుతుంది, బోల్టు మాత్రం తిరగదు. బలం పెడితే రబ్బరు చిరుగుతుంది, లేకపోతే బోల్టు తెగుతుంది. అప్పుడు ఆర్మ్ కోసి తీయాల్సి వస్తుంది, బిల్లు ఎక్కడికో పోతుంది. అందుకని వారం ముందు నుంచే రోజు విడిచి రోజు ఆ బోల్టుల రెండు చివరలా తుప్పు వదిలించే నూనె కొడుతూ ఉండు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు "ఉప్పు రాష్ట్రం బండి" అని ముందే చెప్పు. మెకానిక్‌కి ముందే తెలిస్తే ఆ రోజు తొందరపడడు.

లోయరింగ్ స్ప్రింగ్‌లు (బండి ఎత్తు తగ్గించేవి) వేద్దామనుకుంటున్నానన్నావు. వేసేదుంటే అలైన్‌మెంట్‌కి ముందే వెయ్యి, ఒక వారం నడిపి కుదురుకోనిచ్చాక వెళ్ళు. బండి ఎత్తు మారితే అంకెలన్నీ మారతాయి. నా మాట వింటే ఈ ఏడాది వెయ్యకు. ఆటోక్రాస్ పోటీలు నడిపే ఎస్‌సీసీఏ సంఘం స్ట్రీట్ క్లాసుల్లో (దాదాపు కంపెనీ ఇచ్చినట్టే ఉన్న బండ్లకి) కంపెనీ ఇచ్చిన సర్దుబాట్లతో అలైన్‌మెంట్ ఎలాగైనా పెట్టుకోవచ్చు, స్ప్రింగ్‌లు మార్చావంటే మాత్రం ఆ క్లాసు నుంచి బయటికి పోతావు. నేర్చుకునే దశలో నీలాంటి బండ్లతోనే పోటీ పడాలి.

ఇక షాపు. డాలస్ చుట్టుపక్కల ప్రతి కూడలిలో టైర్ల షాపుంటుంది, ఒకసారి కడితే జీవితాంతం అలైన్‌మెంట్ అంటారు. మీ కామ్రీకి అది మంచి బేరమే. అక్కడి కుర్రాడికి బండికి ఇంత సమయమని లెక్క ఉంటుంది, అలైన్‌మెంట్ మెషీన్ తెర మీద ఎర్ర గడులు ఆకుపచ్చగా మారగానే పని అయిపోయినట్టే. ఆకుపచ్చ అంటే కంపెనీ అనుమతించిన హద్దుల లోపల ఉందని మాత్రమే. ఆ హద్దులు వెడల్పుగా ఉంటాయి. ఎడమ చక్రం ఒక చివర, కుడి చక్రం ఇంకో చివర ఉన్నా రెండూ ఆకుపచ్చే. అలాంటి బండి ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా తిరుగుతుంది. నువ్వు మాత్రం నీ డ్రైవింగే బాగాలేదనుకుంటావు.

అందుకని ట్రాక్ బండ్లు చేసే చోటికే వెళ్ళు. క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్ అనే రేస్ ట్రాక్‌కి వచ్చేవాళ్ళని అడిగినా, ఆటోక్రాస్‌లో నీ పక్కన బండి ఆపినవాణ్ణి అడిగినా పేర్లు చెప్తారు. మామూలు షాపుకంటే ఖర్చు రెట్టింపైనా ఆశ్చర్యపోకు. ముందు ఫోన్ చేసి, నేను ఇచ్చే అంకెలకి పెడతారా అని అడుగు. "మేం ఫ్యాక్టరీ స్పెక్‌కే పెడతాం" అంటే థాంక్స్ చెప్పి పెట్టెయ్యి, వాదించకు. డ్రైవరు సీట్లో నా అంత బరువు పెట్టి చేస్తారా అని కూడా అడుగు. టన్నుకి కాస్త పైన తూగే బండిలో నీ డెబ్బై అయిదు కిలోలు చిన్న విషయం కాదు, కూర్చోగానే ఆ మూల దిగుతుంది. మంచి షాపులో ఇసుక సంచులుంటాయి. లేకపోతే "నువ్వే కూర్చో" అంటారు. సీట్లో కూర్చుని ఫోన్ చూసుకో, అటూ ఇటూ కదలకు.

అంకెలు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళు. కంపెనీ ఇచ్చిన ఎత్తులో, రోజూ ఆఫీసుకి నడుపుతూ నెలకో ఆటోక్రాస్ చేసే నీకు నేనిచ్చేవి ఇవి. ముందు క్యాంబర్ మైనస్ 1.4 డిగ్రీలు, రెండు పక్కలా ఒకటే. అంత దొరక్కపోతే తక్కువ దొరికిన పక్కకి రెండోదాన్ని సమానం చెయ్యమను. క్యాస్టర్ మిగిలినంత, కానీ రెండు పక్కలా సమానంగా. అవే బోల్టులు రెండు పనులూ చేస్తాయి కాబట్టి క్యాంబర్ పూర్తిగా లాగితే క్యాస్టర్ కొంత పోతుంది, దానికి బాధపడకు. ముందు టో సున్నా. వెనక క్యాంబర్ మైనస్ 1.5, వెనక టో ఒక్కో పక్క 0.1 డిగ్రీ లోపలికి. ఆటోక్రాస్ కుర్రాళ్ళు ముందు టో కొంచెం బయటికి పెట్టించుకోమంటారు, మలుపులోకి చురుగ్గా దూకుతుందని. దూకుతుంది, నిజమే. కానీ హైవే మీద లారీల చక్రాలు చేసిన గాడి కనిపించినప్పుడల్లా దాని వెంట పోతుంది. వెనక టో మాత్రం ఎవరేం చెప్పినా బయటికి పెట్టించుకోకు. వెనక చక్రాలు తోసే బండి, వాన పడిన ర్యాంప్ మీద యాక్సిలరేటర్ వదిలావంటే వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. ఇక్కడ బేరం లేదు.

యూనిట్లు చూసుకో. కొన్ని మెషీన్లు టోని డిగ్రీల్లో, కొన్ని అంగుళాల్లో చూపిస్తాయి. ఒక్కో చక్రానిదా, రెండూ కలిపిందా అన్నది ఇంకో గందరగోళం. కాగితం మీద "ఒక్కో పక్క, డిగ్రీల్లో" అని రాసి ఉంచు.

పని జరిగేటప్పుడు చూడనిస్తే చూడు, మీద పడి మాత్రం నిలబడకు. చక్రాలకి కోణాలు కొలిచే పలకలు బిగించి, బండిని కొద్దిగా ముందుకీ వెనక్కీ దొర్లిస్తారు, రిమ్ వంకరలుంటే ఆ తప్పు లెక్కలో నుంచి తీసెయ్యడానికి. తర్వాత స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి క్యాస్టర్ కొలుస్తారు. సర్దడం వెనక నుంచి మొదలవ్వాలి. వెనక చక్రాలు చూపించే దిశే బండి నిజంగా నడిచే దిశ, ముందు చక్రాల్ని దానికి కలపాలి. ముందు టో ఆఖరున, క్యాంబర్ కదిపితే టో కూడా కదులుతుంది కాబట్టి. టో పెట్టేముందు స్టీరింగ్‌ని నిటారుగా పెట్టి కర్రతో బిగించాడా లేదా చూడు. ఆ కర్ర పెట్టనివాడు నీకు వంకర స్టీరింగ్ ఇచ్చి పంపిస్తాడు. బోల్టు బిగించాక తెర మీద అంకె ఇంకోసారి చూశాడా అన్నది కూడా గమనించు. వదులుగా ఉన్నప్పుడు 1.4 చూపించి, బిగించాక 1.2 అయిపోవడం చాలా మామూలు. ఓపిక ఉన్నవాడు మళ్ళీ వదులు చేసి 1.6కి పెట్టి బిగిస్తాడు, అది 1.4 దగ్గర ఆగుతుంది. నువ్వు కట్టే ఎక్కువ డబ్బు ఈ ఓపికకే.

చివర్లో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ రీసెట్ చేశారా అని అడుగు, లేకపోతే స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారిపోకుండా చూసేది) తికమకపడి దీపం వెలిగిస్తుంది. ముందూ తర్వాతా అంకెలున్న ప్రింటు తీసుకో. డబ్బులు కట్టేముందు అందులో ఎడమ అంకె పక్కన కుడి అంకె పెట్టి చదువు.

ఇంటికొచ్చాక వెంటనే ఇంకేమీ మార్చకు, టైర్లూ గాలీ కూడా. ఒక ఆటోక్రాస్ అయ్యేదాకా అలాగే నడుపు. వెళ్ళే ముందు టైరు పక్క అంచు దగ్గర తెల్ల షూ పాలిష్‌తో గీత గియ్యి. పరుగు అయ్యాక ఆ గీత ఎంత లోపలికి చెరిగిందో చూస్తే టైరు ఎంతవరకు మడత పడుతోందో తెలుస్తుంది. ముందు భాగం ఇంకా తోస్తుంటే స్టీరింగ్ ఇంకా ఎక్కువ తిప్పకు, మలుపులోకి వెళ్ళే వేగం తగ్గించి చూడు. అప్పుడూ తోస్తేనే గాలి మార్చడం మొదలుపెట్టు, ఒక్కోసారి రెండు పీఎస్ఐ మించకుండా.

ట్రెడ్ కొలిచే చిన్న గేజ్ కొనుక్కో, అయిదారు డాలర్లు ఉంటుంది. ప్రతి టైరుకీ లోపల, మధ్యలో, బయట కొలిచి ప్రింటు వెనకే రాసుకో. మూడు వేల మైళ్ళకి మళ్ళీ కొలువు. లోపలి అంచు కాస్త ఎక్కువ అరగడం ఈ క్యాంబర్‌కి సహజమే. చెయ్యి అడ్డంగా రాస్తే ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపంలా గీరుకుంటే మాత్రం టో జరిగిందని అర్థం. అప్పుడు అదే షాపుకి ఆ కాగితం తీసుకుని వెళ్ళు. గుంతలో గట్టిగా పడినా, కర్బ్‌కి తగిలినా మైళ్ళు లెక్కపెట్టకుండా వెళ్ళు.

ప్రింటు ఫొటో నాకు వాట్సాప్‌లో పెట్టు. మొదటి కాలమ్, ఏం సరిచేయక ముందువి, అవి కూడా కనపడేలా తియ్యి. నీ బండి కుడికి ఎందుకు లాగుతోందో అందులోనే తెలిసిపోవచ్చు.

మామయ్య