పాఠకుల ప్రశ్నలకు జవాబులు: యుద్ధంలో ఉన్న దేశాన్ని లెక్క అడగవచ్చా?

ఉక్రెయిన్‌లో బయటపడుతున్న అవినీతి కేసుల గురించి ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకమైన సందేహాలను కలిపి ఐదు ప్రశ్నలుగా తీసుకుని ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: ఇరవై రెండేళ్లు సైన్యంలో పనిచేసి వచ్చినవాడిని. దేశం యుద్ధంలో ఉన్నప్పుడు రక్షణశాఖ కొనుగోళ్లలో తప్పులు ఎంచి పత్రికలకు ఎక్కిస్తే ముందువరుసలో ఉన్న జవాను మనసు విరిగిపోదా? శత్రువుకు మన చేతులతో మనమే మేలు చేసినట్లు కాదా? ఈ లెక్కలేవో యుద్ధం ముగిశాక తేల్చుకోవచ్చు కదా?
— మాజీ సైనికుడు, తాడేపల్లిగూడెం

జవాబు: అయ్యా, యుద్ధరంగపు రహస్యం విలువ మీకు తెలిసినంతగా మాకు తెలియదు కనుక మీ సందేహాన్ని గౌరవంతోనే తీసుకుంటున్నాము. అయితే ఉక్రెయిన్‌లో తొలి పెద్ద వివాదం దేనిమీద చెలరేగిందో ఒకసారి గమనించండి. అది కోడిగుడ్ల మీద చెలరేగింది. యూరీ నికోలోవ్ అనే పాత్రికేయుడు 2023 జనవరి 21న అక్కడి ఒక వారపత్రికలో, సైనికుల భోజనం కోసం రక్షణశాఖ కుదుర్చుకున్న 1,316 కోట్ల హ్రివ్నియాల (హ్రివ్నియా ఉక్రెయిన్ కరెన్సీ) ఒప్పందాన్ని బయటపెట్టాడు. కీవ్ నగరంలో చిల్లర దుకాణానికి వెళ్లి కొంటే 7 హ్రివ్నియాలకు దొరికే గుడ్డుకు ఆ ఒప్పందంలో 17 హ్రివ్నియాల ధర వేశారు. అప్పటి మారకం ప్రకారం మన డబ్బులో చెప్పాలంటే, సుమారు 15 రూపాయల గుడ్డును 38 రూపాయలకు కొన్నారన్నమాట. లెక్కను మార్చి రాయడంలో సరఫరాదారు చేసిన సాంకేతిక పొరపాటని రక్షణమంత్రి ఒలెక్సీ రెజ్నికోవ్ వివరణ ఇచ్చారు గాని ఆ వివరణ ఎక్కువ మందికి నచ్చలేదు. మూడు రోజుల్లో ఉపమంత్రి వ్యచెస్లావ్ షపోవలోవ్ రాజీనామా చేశారు. సైన్యానికి కొనే ఆహారం వంటి సామాన్ల యూనిట్ ధరలను యుద్ధకాలంలో కూడా బయటపెట్టాలని ఆ ఏడాదే పార్లమెంటు చట్టం తెచ్చింది. సెప్టెంబరులో రెజ్నికోవ్ పదవి నుంచి తప్పుకున్నారు.

ఇప్పుడు చెప్పండి. గుడ్డు ధర తెలిసినందువల్ల శత్రువుకు ఒరిగేది ఏముంది? ఎన్ని గుడ్లు, ఏ ఊరికి, ఏ రోజున పంపుతున్నారో తెలిస్తే అక్కడ ఎంతమంది సైనికులున్నారో లెక్కకట్టవచ్చు కనుక ఆ వివరాలు గుట్టుగానే ఉండాలి. ధరకు ఆ రక్షణ అవసరం లేదు. రెండింటినీ ఒకే మూటలో కట్టి 'రక్షణ రహస్యం' అని ముద్ర వేసినప్పుడు ఆ ముద్ర కాపాడేది కాంట్రాక్టరును. ఆ చాటున పోగొట్టుకునేది సైనికుడే. ఒక లక్ష మోర్టార్ గుండ్ల కోసం 2022లో ముందుగానే సుమారు 150 కోట్ల హ్రివ్నియాలు చెల్లిస్తే ఒక్క గుండు కూడా రాలేదని, ఆ డబ్బు దారి మళ్లిందని ఉక్రెయిన్ భద్రతా సంస్థే 2024 జనవరిలో ప్రకటించింది. ఆ గుండ్ల కోసం కందకంలో ఎదురుచూసినవాడి మనసును విరిచింది ఆ వార్త కంటే ముందు ఆ గుండ్లు రాకపోవడమే అని మా అభిప్రాయం.

యుద్ధం ముగిశాక చూసుకుందాం అన్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా అలా ఆగలేదు. 1941 మార్చిలో, అంటే ఆ దేశం ఇంకా యుద్ధంలోకి దిగకముందే, సెనేటర్ హారీ ట్రూమన్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. దానికి మొదట ఇచ్చిన బడ్జెట్ 15 వేల డాలర్లు. సైనిక శిబిరాల నిర్మాణంలో దుబారాను, విమాన ఇంజన్ల తయారీలో నాసిరకం పనిని అది వెలికితీసింది. ఖజానాకు 1,000 కోట్ల నుంచి 1,500 కోట్ల డాలర్ల వరకు మిగిల్చిందని అంచనా. దాదాపు ఎనభై ఏళ్ల ముందు, అంతర్యుద్ధ కాలంలో, ఒక పార్లమెంటరీ సంఘం సేనాపతుల వ్యూహాలలో తలదూర్చి చెరుపు చేసిన సంగతి ట్రూమన్ చదివి ఉన్నారు కనుక తన సంఘాన్ని యుద్ధ వ్యూహం జోలికి పోనివ్వలేదు. కొనుగోలు, నాణ్యత, ధర — వీటి దగ్గరే నిలబడ్డారు. మీరు భయపడుతున్న హద్దు అదే కదా. ఆ హద్దును పాటిస్తూనే పని జరిపించవచ్చునని ఆ సంఘం ఏళ్ల తరబడి చూపించింది.

ప్రశ్న: మార్షల్ లా (యుద్ధకాలపు అత్యవసర పాలన) అమలులో ఉన్నందువల్ల ఉక్రెయిన్‌లో ఎన్నికలు జరగడం లేదు. ఓటుతో ప్రభుత్వాన్ని దింపే వీలు లేనప్పుడు ప్రజల నిఘాకు మిగిలే సాధనాలు ఏమిటి?
— న్యాయశాస్త్ర విద్యార్థిని, హైదరాబాదు

జవాబు: 2022 ఫిబ్రవరి 24న రష్యా పూర్తిస్థాయి దాడి మొదలైన నాటి నుంచి మార్షల్ లాను పొడిగిస్తూ వస్తున్నారు. ఆ కాలంలో ఎన్నికలు జరపడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. పైగా పెద్ద టీవీ ఛానళ్లన్నీ కలిసి ఒకే ఉమ్మడి వార్తా ప్రసారం నడిపాయి. కనుక మీ ప్రశ్న చాలా సూటిగా ఉన్నది. మిగిలిన సాధనాలన్నీ యుద్ధానికి ముందు, ముఖ్యంగా 2014లో అప్పటి అధ్యక్షుడు యానుకోవిచ్ ప్రభుత్వం కూలిపోయిన తరువాత, పౌరులు పట్టుబట్టి సంపాదించుకున్నవే.

వాటిలో మొదట చెప్పవలసింది 'ప్రోజోరో'. పారదర్శకంగా అని ఆ మాటకు అర్థం. 2016 ఆగస్టు నుంచి ప్రభుత్వ టెండర్లు ఈ ఎలక్ట్రానిక్ వ్యవస్థ ద్వారానే సాగాలని నిబంధన వచ్చింది. ఎవరు ఎంతకు పాట పాడారో, ఎవరికి దక్కిందో, ఎందుకు దక్కిందో ఇంట్లో కూర్చున్న పౌరుడు కూడా చూడవచ్చు. దాడి మొదలైన కొత్తలో, బాంబులు పడుతున్న ఊళ్లలో టెండరు పిలిచి రోజుల తరబడి ఆగే పరిస్థితి లేదు కనుక, నేరుగా కొనుక్కునేందుకు అనుమతించారు. అది సబబే. అయితే 2022 అక్టోబరు నాటికి, యుద్ధం ఇంకా తీవ్రంగా సాగుతుండగానే, చాలా రకాల కొనుగోళ్లకు బహిరంగ పోటీని మళ్లీ తప్పనిసరి చేశారు. అత్యవసరం పేరుతో ఇచ్చిన వెసులుబాటును అత్యవసరం తగ్గగానే వెనక్కి తీసుకోవడం ఏ దేశంలోనైనా అరుదుగా జరిగేదే కనుక దీన్ని మేము ప్రత్యేకంగా చెబుతున్నాము.

అధికారుల ఆస్తుల ప్రకటనల విషయంలో అంత సాఫీగా జరగలేదు. 2022లో ఆ బాధ్యతను వాయిదా వేశారు. 2023 సెప్టెంబరులో పార్లమెంటు దాన్ని పునరుద్ధరిస్తూనే, ఆ వివరాలను మరో ఏడాదిపాటు ప్రజలకు కనబడకుండా ఉంచాలని మెలిక పెట్టింది. అధ్యక్షుడు వీటో చేయాలంటూ ఒక పౌరుల వినతిపత్రం వెలువడింది. అక్కడి నియమం ప్రకారం 25 వేల సంతకాలు వస్తే అధ్యక్షుడు దాన్ని పరిశీలించాలి. ఒక్క రోజులోనే 80 వేలకు పైగా వచ్చాయి. జెలెన్‌స్కీ వీటో చేశారు, రిజిస్టరు తెరుచుకున్నది. ఎన్నిక లేని కాలంలో సంతకం కూడా ఓటు పని కొంత చేయగలదని మీ ప్రశ్నకు ఇదొక జవాబు.

పాత్రికేయుల మాట కూడా చెప్పాలి. 2024 జనవరిలో నికోలోవ్ ఇంటి తలుపును కొందరు బాది బెదిరించారు. అదే నెలలో 'బీహస్ ఇన్ఫో' అనే పరిశోధక బృందం సభ్యులపై రహస్య కెమెరాలతో నిఘా పెట్టినట్లు బయటపడింది. దాని వెనుక భద్రతా సంస్థలోని ఒక విభాగం ఉన్నదని తేలిన తరువాత ఆ విభాగాధిపతిని తొలగించారు. సాధనాలు ఉన్నంత మాత్రాన వాటిని వాడేవారికి భద్రత ఉన్నట్లు కాదు.

ప్రశ్న: మన దేశంలో సైన్యం, భద్రతా సంస్థల గురించి సమాచార హక్కు చట్టం కింద ఏమీ అడగకూడదని అంటారు. నిజమేనా?
— చిరుద్యోగి, నిజామాబాదు

జవాబు: పూర్తిగా నిజం కాదు. 2005 నాటి చట్టంలో 24వ సెక్షన్ కింద కొన్ని నిఘా, భద్రతా సంస్థలకు మినహాయింపు ఉన్నది. కాని అవినీతి ఆరోపణలకు, మానవ హక్కుల ఉల్లంఘనలకు సంబంధించిన సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదని అదే సెక్షన్ చెబుతున్నది. ఇక సైన్యం, నౌకాదళం, వాయుసేన ఆ జాబితాలోనే లేవు. దేశ భద్రతకు భంగం కలిగించే సమాచారాన్ని 8వ సెక్షన్ కింద నిరాకరించవచ్చు, అంతే.

ప్రశ్న: మా అమ్మాయి జపోరిజియాలో వైద్యవిద్య చదువుతూ 2022 మార్చిలో 'ఆపరేషన్ గంగ' విమానంలో ఇంటికి చేరింది. అక్కడి స్నేహితులతో ఇప్పటికీ మాట్లాడుతూనే ఉంటుంది. 2025 జూలైలో వాళ్లు అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని వీధుల్లోకి వచ్చారని చెప్పింది. పైన డ్రోన్లు తిరుగుతుంటే పిల్లలు ఒక చట్టం కోసం బయటకు రావడం ఏమిటని నాకు అర్థం కాలేదు. ఆ చట్టంలో అంతగా ఏముంది?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మన ఏసీబీని ఊహించుకోండి. అది ఎవరిమీద కేసు పెట్టాలన్నా, పెట్టిన కేసును నడిపించాలన్నా ప్రభుత్వం అనుమతి కావాలనుకోండి. అప్పుడు అది చిన్న గుమాస్తాల దగ్గరే ఆగిపోతుంది. ఈ ఇబ్బంది లేకుండా ఉండేందుకు ఉక్రెయిన్‌లో మూడు సంస్థలను ఒక వరుసగా కట్టారు. దర్యాప్తు చేసేది జాతీయ అవినీతి నిరోధక బ్యూరో, దాన్ని అక్కడ 'నాబు' అంటారు. కేసులు నడిపేది 'సాపో' అనే ప్రత్యేక ప్రాసిక్యూటర్ కార్యాలయం. ఈ రెండూ 2015లో ఏర్పడ్డాయి. తీర్పు చెప్పేది 2019 సెప్టెంబరులో పని మొదలుపెట్టిన అవినీతి నిరోధక ఉన్నత న్యాయస్థానం. ఈ వరుస పెద్దవాళ్ల జోలికి వెళ్లగలిగింది. 2023 మే నెలలో సుప్రీంకోర్టు అధ్యక్షుడు వ్సెవొలోద్ క్న్యాజెవ్‌నే 27 లక్షల డాలర్ల లంచం ఆరోపణపై అదుపులోకి తీసుకున్నారు. అధికార కేంద్రానికి సన్నిహితులైనవారి వైపు కూడా దర్యాప్తు నడిచింది.

2025 జూలై 21న భద్రతా సంస్థ నాబు ఉద్యోగుల ఇళ్లలో పెద్దఎత్తున సోదాలు జరిపి, ఆ సంస్థలోకి రష్యా ప్రభావం చొరబడిందని ఆరోపించింది. మరునాడే పార్లమెంటు 263 ఓట్లతో ఒక సవరణను ఆమోదించింది. నాబు, సాపోలను ప్రాసిక్యూటర్ జనరల్ అదుపులోకి తెచ్చే సవరణ అది. ఆ అధికారిని నియమించేది పార్లమెంటు సమ్మతితో దేశాధ్యక్షుడు. అంటే, నచ్చని కేసును ఆ సంస్థల చేతిలోంచి తీసి మరొకరికి అప్పగించే వీలు కలిగిందన్నమాట. జెలెన్‌స్కీ ఆ రోజే సంతకం చేశారు. రష్యా చొరబాటు నిజంగా ఉంటే దానికి కారకుడైన ఉద్యోగిని పట్టుకుని విచారించాలి. ఆ కారణం చూపి మొత్తం సంస్థ స్వతంత్రతనే తీసివేయడం అన్యాయమని మేము నమ్ముతున్నాము.

ఆ సాయంత్రమే కీవ్‌లో ఫ్రాంకో నాటకశాల దగ్గరి మైదానంలోకి జనం చేరారు. ల్వీవ్, ద్నిప్రో, ఒడెసా నగరాలలోనూ అదే జరిగింది. పూర్తిస్థాయి యుద్ధం మొదలయ్యాక ప్రభుత్వానికి వ్యతిరేకంగా అంత పెద్ద నిరసన అదే మొదటిది. వచ్చినవారిలో చాలామంది మీ అమ్మాయి వయసు పిల్లలే, వారి మధ్య యుద్ధంలో గాయపడిన సైనికులు కూడా ఉన్నారు. రాత్రి కర్ఫ్యూ వేళకు ఇళ్లకు వెళ్లిపోయి, మరుసటి సాయంత్రం మళ్లీ వచ్చారు. ఐరోపా సమాఖ్య కూడా తన ఆందోళనను బహిరంగంగానే తెలిపింది. రెండు రోజుల్లో అధ్యక్షుడు కొత్త బిల్లు పంపారు. జూలై 31న 331 ఓట్లతో ఆ సంస్థల స్వతంత్రత తిరిగి వచ్చింది. ఆ పిల్లలు ప్రభుత్వం కూలిపోవాలని అడగలేదు, సైన్యాన్ని వెనక్కి పిలవమనీ అడగలేదు. ఒక చట్టాన్ని వెనక్కి తీసుకోమన్నారు. మీ అమ్మాయికి ఆ స్నేహితులు ఎందుకు అంత గర్వంగా చెప్పుకున్నారో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ప్రశ్న: ఇన్ని కుంభకోణాలు బయటపడుతున్నాయంటే ఆ దేశం అంతా కుళ్లిపోయిందనే కదా అర్థం? అలాంటి దేశానికి ఇతరులు సాయం చేయడం దండగ కాదా?
— ఆడిటర్, విశాఖపట్నం

జవాబు: వృత్తిరీత్యా లెక్కలు తనిఖీ చేసేవారు కనుక మీతో మీ భాషలోనే మాట్లాడతాము. ఆడిట్ అభ్యంతరాలు ఎక్కువగా వచ్చిన శాఖలోనే దొంగతనం ఎక్కువని, అసలు ఆడిట్టే జరగని శాఖ శుభ్రంగా ఉన్నదని మీరు ఎన్నడైనా నిర్ధారిస్తారా? రష్యా రక్షణశాఖ కొనుగోళ్లపై అక్కడి పాత్రికేయులు ఇలా స్వేచ్ఛగా రాయగలిగే పరిస్థితి లేదు. దేశాల అవినీతిని కొలిచే ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ సూచీలో (మార్కులు పెరిగితే అవినీతి తక్కువని అర్థం) ఉక్రెయిన్‌కు 2013లో 100కు 25 మార్కులు వస్తే 2024లో 35 వచ్చాయి. అది మంచి మార్కేమీ కాదు, గర్వపడవలసిన స్థానమూ కాదు. అయినా ఆ పది మార్కుల ఎదుగుదలను యుద్ధం మధ్యలో కూడా పోగొట్టుకోలేదు.

దర్యాప్తు సంస్థలను ఆ జూలైలో కాపాడుకోవడం వల్ల ఏమి జరిగిందో నవంబరులో కనబడింది. పదిహేను నెలలు సాగిన దర్యాప్తు తరువాత, సుమారు వెయ్యి గంటల సంభాషణల రికార్డింగులతో, నాబు 'మిడాస్' పేరుతో ఒక కేసును 2025 నవంబరు 10న బయటపెట్టింది. అణువిద్యుత్ సంస్థ ఎనర్గోఆటమ్‌కు పనిచేసే కాంట్రాక్టర్ల నుంచి 10 నుంచి 15 శాతం ముడుపులు వసూలు చేశారన్నది ఆరోపణ. రష్యా క్షిపణుల నుంచి విద్యుత్ సదుపాయాలను కాపాడే కట్టడాల పనులు కూడా అందులో ఉన్నాయి. ఆ విధంగా చేతులు మారిన మొత్తం సుమారు 10 కోట్ల డాలర్లని నాబు చెప్పింది. చలికాలం ముంగిట, కరెంటు కోతలతో చీకట్లో కూర్చున్న జనానికి ఈ వార్త ఎలా తగిలి ఉంటుందో ఊహించండి. ప్రధాన సూత్రధారి అని పేర్కొన్న తిమూర్ మిందిచ్ జెలెన్‌స్కీకి పాత వ్యాపార భాగస్వామి. సోదాలకు కొద్ది గంటల ముందే ఆయన దేశం దాటిపోయారు. ఇద్దరు మంత్రులను పార్లమెంటు తొలగించింది. అధ్యక్షుని కార్యాలయాధిపతి, ఆయన తరువాత అంతటి బలవంతుడని పేరున్న ఆంద్రీ యెర్మాక్, తన ఇంట్లో సోదాలు జరిగిన రోజునే, నవంబరు 28న, పదవి వదులుకున్నారు.

సాయం చేసే దేశాలు ఆ డబ్బుకు లెక్క అడగాలి, గట్టిగా అడగాలి. సాయం ఆపేస్తే ముందుగా నష్టపోయేది ముడుపులు తీసుకున్నవారు కారు, చీకట్లో కూర్చున్నవారు. ఇక ఈ కేసులో పేర్లు వినబడినవారంతా న్యాయస్థానం తేల్చేవరకు ఆరోపణలు ఎదుర్కొంటున్నవారే తప్ప దోషులు కారు. నాబు సమర్పించే ఆధారాలను తూచి నిర్ణయించవలసింది కీవ్‌లోని అవినీతి నిరోధక ఉన్నత న్యాయస్థానం.